వంకర యెక్కడ నున్నది?

మూడేండ్ల క్రిందట నేనొక జంటదుర్భిణిని కొంటిని. వస్తువు కొనుట పత్రికలో వ్రాయదగిన విషయమా యని చదువరు లడుగవచ్చును. ఆ కొనుగోలునందు పొరపాటు చేసినవాడను నేను. దాని శిక్ష ననుభవించినది మా కోడలు. అందుచేత వ్రాయుచున్నాను. ఆమె యనుమతి గైకొనియే వ్రాయుచున్నాను. “రాయండి మామయ్యగారూ, కాని నన్ను మరీ దీనురాలిని చేసి చూపించకండి” అని యామె చెప్పినది. ఆ మాట మనస్సునం దుంచుకొందును.

మాది నెల్లూరు. ముప్పదియేండ్లు ఉన్నత పాఠశాలలో గణితము బోధించి, విశ్రాంతి గైకొని, దినపత్రికను, వీథియరుగును ఆశ్రయించి కాలము గడుపుచున్నవాడను. కోడలు కాపురమునకు వచ్చిన క్రొత్తలో, ప్రొద్దుట మేడమీద బట్టలారవేయ బోయి యొక్కొక్కనాడు అరగంటకుగాని క్రిందికి దిగెడిది కాదు. ఏమని విచారింపగా, ఎదురు వీథిలోని చెట్టుపై గరుడపక్షులు గూడు కట్టుచున్నవనియు, పుల్లలు తెచ్చునది యొకటియో రెండునో పోల్చుకొనజాలకున్నాననియు చెప్పినది. ఆమె పుట్టినిల్లు దొరవారిసత్రము దగ్గరి పల్లె. నేలపట్టు చెరువులోని చెట్లపై గూడబాతులు పిల్లలను పెంచుట చూచుచు పెరిగినది. పక్షులతో ఆమెకు చుట్టరికము వంటిది కలదు.

అప్పుడే నాకు దుర్భిణి కొనవలెనను సంకల్పము కలిగినది. మా యింటామె యభ్యంతరము చెప్పినది. “కోడలు మేడమీద దుర్భిణి పెట్టుకొని నిలబడితే, ఎదురింటివాళ్లు తమ వంటింట్లోకి తొంగిచూస్తోందనుకోరా?” అని యామె ప్రశ్న. నేను దానికి దీర్ఘముగా నుపన్యసించితిని. ఆడుది చదువుకొనవచ్చును, ఉద్యోగము చేయవచ్చును, ఆకాశమువైపు చూచుటకు మాత్రము ఇరుగుపొరుగుల సెలవు కావలెనా యంటిని. సలీం అలీ 1941 లో భారతదేశపు పక్షులనుగూర్చి పుస్తకము ప్రకటించినది మొదలు, ఎందరో సామాన్యులు తమ తమ పనులు చేసికొనుచునే పక్షులను పరిశీలించి శాస్త్రమునకు పనికివచ్చు లెక్కలు వ్రాసిపెట్టుచున్నారని చెప్పితిని. దసరానాడు పాలపిట్ట దర్శనమునకై దానిని పట్టి పంజరములో బెట్టి వీథులవెంట త్రిప్పి పైకము దండుకొనువారికి నమస్కరించెదరుగాని, చెట్టుమీది పాలపిట్టను దూరమునుండి చూచు నాడుదానిని తప్పుపట్టెదరా యని యడిగితిని. ఆ యుపన్యాసము మిక్కిలి బాగుగ నున్నదని యప్పుడు నాకు తోచినది.

దుర్భిణి కొనుటకు చెన్నైకి బోయితిని. కోడలిని వెంటబెట్టుకొని పోవలెనను ఆలోచన నాకు రాలేదు. పెద్దవాడను, లెక్కలు తెలిసినవాడను. పైగా ఆమె నాశ్చర్యపరుపవలెనను ముచ్చట.

దుర్భిణులపై 8×42 అనియో 10×42 అనియో చెక్కియుండును. మొదటి యంకె దూరపు వస్తువు ఎన్నియింతలు దగ్గరగా కనబడునో తెలుపును. రెండవ యంకె ముందరి కటకపు వెడల్పు, మిల్లీమీటర్ల లెక్కను. రెండవదానిని మొదటిదానిచే భాగించినచో, కంటిలోనికి దిగు వెలుగుకట్ట వెడల్పు వచ్చును: 8×42 నకు అది 5.25 మిల్లీమీటర్లు. పక్షుల కెనిమిదింతలది చాలునని చదివియుంటిని. ఏలయన, పదింతలదానిలో పక్షి పెద్దదైనట్లే చేతి వణకును పెద్దదగును. కనబడు మేరయు సాధారణముగా కురుచయగును. ఇంతవరకు నా విద్య సరియైనదే.

దుకాణదారుడు రెండు దుర్భిణులను నా ముందుంచెను. రెండును 8×42 లే. నేను వాకిటికి వచ్చి, రోడ్డు కావలనున్న యంతస్తుల భవనముపై మొదటిదానిని నిలిపితిని. నడుమనున్న కిటికీలు చక్కగానే యున్నవి. అంచునకు బోయినకొలది భవనపు నిలువు మూల విల్లువలె వంగినది. చదరముగ నుండవలసిన కిటికీవరుస, నాలుగు మూలలు బయటికి లాగబడి, ప్రక్కలు లోనికి నొక్కుకొనిపోయి, దర్జీవాడు గుండుసూదులు గుచ్చుకొను మెత్తవలె నున్నది. కాంతిశాస్త్రమున ఈ రూపవికృతికి పేరును ఆ మెత్తనుబట్టియే పెట్టినారు. రెండవ దుర్భిణిలో అట్టిదేమియు లేదు. గోడ నంచునకు దెచ్చినను, మూలకు దెచ్చినను, సూత్రము పట్టినట్లు తిన్నగా నిలిచినది. గణితోపాధ్యాయుని హృదయ మెటు మొగ్గునో వేరుగ జెప్పనేల? రెండవదాని వెల హెచ్చు. అదియు దాని ఘనతకు సాక్ష్యముగానే తోచినది.

దుకాణదారుడు తెలుగువాడే. “సార్, పక్షులు చూసేవాళ్లు చాలామంది ఆ మొదటిదే తీసుకుంటారు. తిప్పేటప్పుడు అది హాయిగా ఉంటుందంటారు” అనెను. అమ్ముడుపోని సరకును నాకంటగట్ట జూచుచున్నాడని తలంచి, చిరునవ్వుతో రెండవదానికే వెల చెల్లించితిని.

ఆ మార్గశిరమున నందరమును పులికాట్ సరస్సునకు బోయితిమి. సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు బోవు త్రోవ సరస్సునకు నడుమగా కట్టమీద సాగును. శీతకాలమున నిరుప్రక్కల లోతులేని యుప్పునీటిలో ఫ్లెమింగోలు గుంపులు గుంపులుగా దిగియుండును. పొడవుకాళ్లు, వంపుముక్కు, రెక్క విప్పినపుడు మాత్రమే బయటపడు నెరుపు. కోడలు దుర్భిణిని కంటికెత్తి, “అమ్మో” అని యొక్క మాటయే యనినది. ఆ యొక్క మాటకు నా ధనము సార్థకమైనదని సంతసించితిని. ఇంతలో నొక గుంపు లేచి, నీటిమీదుగా తూర్పునకు సాగినది. ఆమె దానివెంట దుర్భిణిని త్రిప్పుచు పోయినది; మరల నింకొక గుంపు; మరల నింకొకటి. పావుగంట గడచునప్పటికి దుర్భిణి దించి, కట్ట రాతిమీద కూర్చుండి, కన్నులు మూసికొనినది.

“ఏమమ్మా?”

“భూమి బంతిలాగ దొర్లుతున్నట్టుంది మామయ్యగారూ. కడుపులో తిప్పుతోంది.”

“భూమి బంతే కదమ్మా, ఎప్పటినుంచో దొర్లుతూనే ఉంది” అంటిని నేను. అందరును నవ్విరి. ఆమెయు నవ్వినది.

ఈ నాలుగు వాక్యములను నే నెన్నిసార్లు తలచుకొంటినో చెప్పజాలను. ఆమె తనకు కలిగిన యనుభవమును, శాస్త్రగ్రంథములలో నెట్లు వ్రాసియున్నదో యట్లే, అక్షరము తప్పకుండ చెప్పినది. నేను దానిని హాస్యమునకు దింపితిని.

తరువాత రెండుసార్లు పోయితిమి. రెండుసార్లు నిదే. వికారము, తలతిరుగుడు. పెండ్లియై నాలుగేండ్లయిన కోడలికి వికార మనగానే ఇంటిలోని ఆడువారి ముఖము లెట్లు వికసించునో, అది కాదని తెలిసిన వెనుక నెట్లు ముడుచుకొనునో గృహస్థులందరకు తెలిసినదే. మా బంధువులలో నొకామె ఆశపెట్టి తుస్సుమనిపించినదని కోడలు వినుచుండగానే యనినది. ఒకరు పైత్యమనిరి, జీలకఱ్ఱకషాయము సాగినది. ఒకరు దిష్టి యనిరి; ఉప్పు మిరపకాయలు దిగదుడుచుట సాగినది. నా కుమారుడు కంటివైద్యుని యొద్దకును, చెవివైద్యుని యొద్దకును తీసికొనిపోయెను. రెండింటను లోపము లేదనిరి. లోపము లేదన్న మాట మేలైనదే కదా. కాని లోపము లేనిచో మరి బాధ యెందులకు? మనసులో నేదో పెట్టుకొన్నదనియు, సున్నితపు పెంపకమనియు తీర్పులు బయలుదేరినవి. నే నట్టి మాటలు అనలేదు. “ఓపిక పట్టాలమ్మా, పక్షులను చూడడం తపస్సు” అని మాత్ర మంటిని. అది వానికంటె మెరుగైన మాట యని యిప్పుడనుకొనను.

ఒకనా డామె దుర్భిణిని దాని సంచిలో బెట్టి నా బల్లమీద నుంచి, “నాకు కుదరడం లేదండి, మీరే ఉంచుకోండి” అనినది. మేడమీది బట్టలు ఐదు నిమిషములలో నారుటకు మొదలిడినవి.

రెండేండ్లు గడచినవి. నా కంటిచూపు మందగింపగా క్రొత్త కళ్లజోడు వేయించితిని. దూరమునకును చదువునకును ఒకే యద్దము పనిచేయునట్టిది. పైనుండి క్రిందికి బలము క్రమముగ మారుచుండును. పెట్టుకొన్న మొదటినాడే నేల యలవలె లేచినది. మెట్టు లోపలికి గ్రుంగినట్లుండెను. తల ప్రక్కకు త్రిప్పినచో గోడ యూగినది. మూడుమారులు పడబోయి, ఆ జోడు చేసిన యద్దాల దుకాణమునకు బోయి యల్లరి చేసితిని. అతడు నెమ్మదిగా, “ఈ రకం అద్దాలతో అంచుల్లో వంకర తప్పదండీ. రెండు వారాల్లో అలవాటవుతుంది. కాకపోతే తెచ్చివ్వండి, మారుస్తాను” అనెను. ఇంటిలో నందరును నాయెడ జాలి చూపిరి. అద్దములు మంచివి కావనిరి. కషాయ మెవ్వరును త్రాగింపలేదు. దిష్టి యెవ్వరును తీయలేదు. సున్నితపు పెంపక మని యెవ్వరును అనలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బల్లమీది దుర్భిణివైపు చూచుచు కూర్చుంటిని.

మరునాటినుండి విచారణకు దిగితిని. మొదట, రెండు గొట్టములును సమముగ లేక రెండు బొమ్మలు పెడదారి పట్టినవేమో యని సందేహించితిని. దుర్భిణి క్రింద పడినపుడు లోపలి పట్టకములు కదలి ఇట్లగుట కలదు. దానివలనను తలనొప్పి వచ్చును. దూరపు విద్యుత్తీగ నొకదానిని చూచుచు దుర్భిణిని కన్నులనుండి మెల్లగా దూరము జరిపినచో రెండు వలయములలోను తీగ యొకే యెత్తున నుండవలయును. మా దానిలో నట్లే యున్నది. ఆ తప్పు లేదు. పిమ్మట పుస్తకములు, వ్యాసములు తిరుగవేయగా నసలు సంగతి తెలిసినది. అది నా గణితాభిమానమునకు కొంత యవమానకరముగ నుండెను.

దుర్భిణి నడుమనుండి అంచువరకు నిజముగ 4 డిగ్రీల కోణము కనబడుననుకొందము. దీని నెనిమిదింతలు చేయుటకు రెండు మార్గములు గలవు. సరళరేఖలు సరళరేఖలుగానే నిలువవలెనన్నచో, కోణమునుగాక దాని టాంజెంటును ఎనిమిదింతలు చేయవలయును. అట్లు చేసినచో అంచు కంటికి 29 డిగ్రీల చిల్లరవద్ద కనబడును. కోణమునే యెనిమిదింతలు చేసినచో 32 డిగ్రీలవద్ద కనబడును. కాని యప్పుడు గీతలు సూదిమెత్తవలె వంగును. ఈ రెండు లెక్కలు దుర్భిణి నడుమ నొక్కటే. అంచునకు బోయినకొలది విడిపోవును. ఎంతటి పనివాడైనను ఒకే గాజులో రెండింటిని నిలుపజాలడు.

మొదటి మార్గమున నొక చిక్కున్నది. అందు కోణముల పెరుగుదల నడుమ 8 ఇంతలైనను, అంచువద్ద, నడుమనుండి అంచువైపునకు పోవు దిక్కున, 6 చిల్లరకు దిగిపోవును. దుర్భిణిని కదల్పక గోడను చూచువాని కిది తెలియనే తెలియదు. పక్షివెంట త్రిప్పినపుడో, నడుమనున్న బొమ్మలు వడిగాను, అంచునందున్నవి మందముగాను జరుగును. తిరుగుచున్న బంతి నెదుట నుంచుకొని చూడుడు: మనవైపునకున్న భాగము వడిగాను, అంచులు మందముగాను కదలును. కన్ను ఆ పోలికను పట్టుకొని, ఎదుటనున్నది బంతి యని నిశ్చయించుకొనును. నీరు, నింగి, పక్షులు అన్నియు నొక పెద్ద గోళముపై నతికించి దొర్లించినట్లు తోచును. దీనిని గోళభ్రాంతి యనవచ్చును. కన్ను దొర్లుచున్నదని చెప్పగా, చెవిలోపలి తూనిక ‘లేదు, తల మాత్రమే కొంచెము తిరిగినది’ అని సాక్ష్యమిచ్చును. సాక్షు లిద్దరును పొసగనపుడు కడుపు తీర్పు చెప్పును.

మానవుని చూపే పూర్తిగా తిన్ననిది కాదట. జర్మనీదేశపు హెల్మ్‌హోల్ట్‌జ్ 1867 నాటికి ముగించిన తన దృష్టిశాస్త్రగ్రంథమున చదరంగపు బల్లవంటి పటము నొకదానిని గీచి చూపెను. అందలి గీతలన్నియు సూదిమెత్తవలె వంగియుండును. ఒంటికంటితో, దగ్గరగా, నడుమ చుక్కపై చూపు నిలిపి చూచినపుడు ఆ వంకరగీతలు తిన్నగా కనబడునని యాయన చెప్పెను. అనగా మన చూపునందే వేరొక దిశకు, పీపా ప్రక్కలవలె నుబ్బు వంకర కొంత యున్నది; పటములోని వంకర దానిని రద్దుచేయును. 1949 లో ఆగస్టు సొన్నెఫెల్డు అను జర్మను శాస్త్రజ్ఞుడు, కదలెడి కంటితో వాడు పరికరములయందు రూపవికృతి యెట్లుండవలెనో విచారించి వ్యాసము ప్రకటించెను. దుర్భిణిని త్రిప్పునపుడు గోళభ్రాంతి తగ్గవలెనన్నచో, కొంత సూదిమెత్త వంకరను కావలెననియే యుంచవలెనను మతము ఆ కాలమునుండి బలపడినది. నేను లోపమని త్రోసివేసిన వంకర పనివాని యజాగ్రత్త గాదు. అది యతడు తెలిసి పెట్టినది.

మరి నాకెందుకు దొర్లలేదు? ఇదియే నన్ను మిక్కిలి వేధించిన ప్రశ్న. నేను గంటలకొలది ఆ దుర్భిణితో పక్షులను వెంబడించితిని, నాకేమియు కాలేదు. నాకు కాలేదు గనుకనే ఆమెకు కాకూడదనుకొంటిని. దీనికిని సమాధానము కలదు. హెల్మ్‌హోల్ట్‌జు పటమును 2009 లో నెదర్లాండ్సు పరిశోధకులు మరల పరీక్షించి, ఏ గీత తిన్నగా కనబడునను విషయమున మనిషికి మనిషికి భేదమున్నదని కనుగొనిరి. 2010 లో హోల్గర్ మెర్లిట్జ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఈ భేదమును లెక్కలోనికి దెచ్చి, టాంజెంటు మార్గమునకును కోణ మార్గమునకును నడుమ నెంత వంకర యెవరికి హితమగునో విచారించెను. చూపునందు పీపావంకర తక్కువగా నున్నవారికి తిన్నని దుర్భిణి కుదురుగా నుండును. ఎక్కువగా నున్నవారికి దొర్లును. కొందరికి కొన్నినాళ్లలో నలవాటై పోవును, కొందరికి కాదు. వంకర మితిమీరినచో బంతికి బదులు గిన్నెలోపల చూచినట్లుండుటయు కలదు. నా కన్ను ఒక రకము, ఆమె కన్ను ఒక రకము. లోకములోని కన్నులన్నియు నాదివంటివే యని నేను ముప్పదియేండ్లు పాఠము చెప్పిన వాడను.

ఇదంతయు ఒక కాగితముపై బొమ్మలు గీచి కోడలికి వివరించితిని. దొర్లుబంతి బొమ్మ వచ్చినప్పుడామె వ్రేలు దానిపై నుంచి, కొంతసేపు మాటలాడలేదు. తరువాత, “అయితే నేను చెప్పింది నిజమేనన్నమాట” అనినది. అంతే. వంటింటి గుమ్మమున నిలిచి వినుచున్న మా యింటామె లోపలికి బోయి, పెరుగు చిలుకుట కారంభించినది. ఆ రోజు పెరుగు చాలసేపు చిలుకబడినది.

ఈ మారు చెన్నైకి ముగ్గురము బోయితిమి. మా యింటామె తానే బయలుదేరినది. అదే దుకాణము. నేను జరిగినది చెప్పగా అతడు దెప్పిపొడువక, ఐదారు దుర్భిణులను బయట పెట్టెను. కోడలు ఒక్కొక్కదానిని దీసికొని వాకిట నిలిచి, భవనపు మూలను చూడలేదు. రోడ్డువెంట పోవు బండ్లవెంట నెడమనుండి కుడికి, కుడినుండి యెడమకు, మెల్లగా నొకసారి, వడిగా నొకసారి త్రిప్పినది. పావురములు లేచినపుడు వానివెంట బోయినది. ఒక్కొక్కదానితో పది నిమిషములు. నడుమ కన్నులు మూసికొని విశ్రాంతి. దుకాణమునందు రెండు నిమిషములు చూచి కొనువానికి గోళభ్రాంతి పట్టుబడదు. అది నెమ్మదిగా నెక్కును.

ఇక్కడ నితర పరీక్షలను గూడ చెప్పుట మంచిది. ఎండలో కాకిని చూచినపుడు దాని యంచున ఊదాయో పచ్చయో చాయ కట్టినచో అది రంగుల దోషము. మేలైన గాజు దానిని తగ్గించును. అంచున బొమ్మ మసకబారి, చక్రము త్రిప్పగా అంచు తేటపడి నడుమ మసకయైనచో అది బొమ్మ నిలుచు తలము వంగుటవలనిది. దీనికిని గీతలు వంగుటకును సంబంధము లేదు. అమ్మువారు రెండింటికి నొకే పేరు వాడి తికమక పెట్టుట కలదు. తలము చదునుగా నుండవచ్చును, గీతలు వంగవచ్చును; అట్లే తారుమారుగను. కళ్లజోడువారు కంటివైపు రబ్బరు కప్పులను త్రిప్పి దించి, అప్పుడు నిండు వలయము కనబడునో లేదో చూడవలయును. మెడకు వ్రేలాడు బరువు నాలుగుగంటలకు రెట్టింపైనట్లుండును. వెలనుగూర్చి యొక్క మాట: 1900 తరువాత కంటబడక, నశించినదని తలపబడిన కలివికోడి 1986 లో కడపజిల్లా తుప్పలలో మరల దొరికినది గొప్ప దుర్భిణికి గాదు, రాత్రివేళ ఆ ప్రాంతపు వేటగాని చేతిదీపమునకు.

నాలుగవదానికి కోడలి ముఖము మారినది. “ఇది కుదురుగా ఉంది. లోకం దాని చోటే ఉంది” అనినది. నేను తీసికొని చూచితిని. అది మూడేండ్ల క్రిందట నేను త్రోసివేసిన రకమే. భవనపు మూల నంచునకు దెచ్చితిని, విల్లువలె వంగినది. ప్రాణము చివుక్కుమనినది.

“ఆ మూల చూడమ్మా, ఎంత వంకరగా ఉందో.”

“నేను భవనాలు చూడబోవడం లేదు కదండీ” అనినది.

దాని వెల నేను కొన్నదానికంటె తక్కువ. మా యింటామె తన చేతిసంచి విప్పి తానే చెల్లించినది. నేను వారింపలేదు.

గడచిన పుష్యమాసమున మరల పులికాట్ కట్టమీద నిలిచితిమి. కోడలు రెండుగంటలపాటు దుర్భిణి దించలేదు. ఫ్లెమింగోలను విడిచి, బురదలో పరుగులిడు ఉల్లంకిపిట్టలను లెక్కించుచున్నది. గుంపు లేచి సుడి తిరిగినపుడు దానితోపాటు తానును సుడి తిరిగి, “నూటనలభై, నూటయాభై” అని గొణుగుకొనుచున్నది. నా తిన్నని దుర్భిణి నా మెడలో నుండెను. ఒకసారి మార్చుకొని చూచితిమి. ఆమె దుర్భిణిలో నీటికిని నింగికిని నడిమి గీతను క్రింది యంచునకు దెచ్చినపుడు అది వంగినది. నాకది యిప్పటికిని సహింపరాని దృశ్యమే. నా దానిని ఆమె ఎడమనుండి కుడికి ఒక్కసారి త్రిప్పి, వెంటనే తిరిగి యిచ్చివేసినది.

నీటిలోనుండి రొయ్యలబుట్టతో నొక ముసలామె కట్టమీది కెక్కి, మావంక చూచుచు నిలువబడినది. ఏమి చూచుచున్నారని యడిగినది. కోడలు తన దుర్భిణిని ఆమె మెడలో వేసి, ఎట్లు పట్టుకొనవలెనో చూపినది. ముసలామె కంటికెత్తి, “దగ్గరికొచ్చేశాయే!” అని యొక చేయి ముందుకు చాచినది. పిమ్మట పక్షులవెంట దుర్భిణిని త్రిప్ప సాగినది. కోడలు ఆమె మోచేయి పట్టుకొని, “కళ్లేమైనా తిరుగుతున్నాయా అమ్మా? తిరిగితే చెప్పు” అనినది.

“లేదు తల్లీ. పడవకంటే నయం” అని ముసలామె దుర్భిణి దించకయే చెప్పినది.